గళం ఒకరిది, రూపం మరొకరిది: తలత్ మహమూద్ నటజీవితం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
హిందీ చలనచిత్ర నేపథ్యగానంలో అగ్రశ్రేణి గాయకుడు, గజల్ గానానికి పర్యాయపదంగా నిలిచిన తలత్ మహమూద్ 1945 – 1958 మధ్యకాలంలో పదమూడు, పద్నాలుగు చిత్రాలలో తెరపై కనిపించారు. నటుడిగా ఆయన నిలదొక్కుకోలేదు. ఈ వైఫల్యానికి ఆయనకు నటన రాకపోవడమే కారణమనే వివరణ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. నటనపైకి మనసు మళ్ళడం వల్లే గాయకుడిగా వెనుకబడ్డారనే మాట కూడా దానికి తోడుగా వినిపిస్తుంది. ఈ రెండు అభిప్రాయాలనూ నాటి చిత్రాల కాలక్రమంతో సరిచూసి, నేపథ్యగాన వ్యవస్థ స్థిరపడిన తీరులో ఆ వైఫల్యానికి మూలాలను వెతకడం ఈ వ్యాస ఉద్దేశం. తెలుగు చిత్రసీమలోని సమాంతర ఉదాహరణలు అవసరమైన మేరకు ప్రస్తావితమయ్యాయి.

కీలకపదాలు: తలత్ మహమూద్, నేపథ్యగానం, గాయకనటులు, సైగల్, దేవదాసు, గజల్, ఘంటసాల.

1. విషయప్రవేశం

జనం నోళ్ళలో నానిన గాయకుణ్ణి తెరమీద కథానాయకుడిగా నిలబెట్టాలన్న ఆలోచన సినీ నిర్మాతలకు ప్రతి తరంలోనూ కలుగుతూనే ఉంది. రికార్డు కొన్న ప్రతివాడూ టిక్కెట్టు కూడా కొంటాడన్నది అందులోని లెక్క. ఆ లెక్క తప్పిన సందర్భాలే ఎక్కువ. అయితే అలాంటి సందర్భాలను సినిమా చరిత్ర సాధారణంగా వినోదం కలిగించే ఉదంతాలుగా చెప్పి వదిలేస్తుంది. గాయకుడి పేరు, పోయిన డబ్బు, ఒకటి రెండు చమత్కారాలతో ఆ ప్రస్తావన ముగుస్తుంది.

తలత్ మహమూద్ విషయంలో అంత తేలికగా ముగించడానికి వీలులేదు. ఆయన రూపసి. ఉర్దూ ఉచ్చారణలో ఆయనకు వంక పెట్టగలవారు లేరు. నటించిన చిత్రాల దర్శకులు అనామకులు కారు, సరసన నటించిన వారిలో సురయ్యా, నూతన్, మాలా సిన్హా, శ్యామా వంటి తారలున్నారు. అనిల్ బిశ్వాస్, సలీల్ చౌధురి, ఖయ్యాం, ఓ.పి. నయ్యర్ వంటి వారు ఆ చిత్రాలకు సంగీతం అందించారు. ఇన్ని అనుకూలతలుండీ ప్రేక్షకుడు ఆయనను నటుడిగా ఎందుకు స్వీకరించలేదన్న ప్రశ్న నటనాసామర్థ్యం చర్చతో తెగదు.

2. రేడియో, గ్రామఫోను పెంచిన గొంతు

తలత్ 1924 ఫిబ్రవరి 24న లక్నోలో జన్మించారు. సినిమాను గౌరవప్రదమైన వృత్తిగా భావించని సంప్రదాయ ముస్లిం కుటుంబం వారిది. లక్నోలోని మారిస్ సంగీత కళాశాలలో శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. పదిహేనేళ్ళ ప్రాయంలో లక్నో రేడియో కేంద్రంలో మీర్, దాగ్, జిగర్ గజళ్ళు పాడారు. 1941లో హెచ్.ఎం.వి. ఆయన తొలి రికార్డును విడుదల చేసింది. 1944లో కలకత్తాలో వెలువడిన ఒక ప్రైవేటు పాట రికార్డు ఆయన పేరును ఉత్తర భారతమంతటా తీసుకువెళ్ళింది. బెంగాలీ పాటలను ఆయన ‘తపన్ కుమార్’ అనే పేరుతో పాడారు. ఆ పాటలు విన్న బెంగాలీ శ్రోతలలో చాలామందికి ఆ గాయకుడు లక్నో ముస్లిం యువకుడన్న సంగతి తెలిసే అవకాశమే లేదు. గొంతుకు ఒక ముఖం, ఒక ఊరు, చివరికి ఒక సొంత పేరు కూడా అవసరం లేకుండానే ఆయన తొలి కీర్తి సిద్ధించిందన్నమాట. ఈ సంగతి తరువాతి కథకు ముఖ్యమైనది.

ఆయన గొంతులోని ప్రత్యేకత ఒక సన్నని వణుకు. స్వరం ఒకచోట నిలిచినప్పుడు దీపశిఖ గాలికి కదిలినట్లు కదిలే ఆ కంపాన్ని తొలినాళ్ళలో కొందరు లోపంగా ఎత్తిచూపారు. బొంబాయి చేరిన కొత్తలో తలత్ దాన్ని అణచుకొని పాడబోతే, ఆ కంపం కోసమే నిన్ను పిలిచానని అనిల్ బిశ్వాస్ మందలించిన ఉదంతం ప్రసిద్ధం. నాటకరంగం మీద ఆ గొంతు మూడో వరుస దాటి వినిపించదు. మైకు దగ్గరగా ఉంటేనే అది పలుకుతుంది. వినేవాడి చెవిలో రహస్యం చెప్తున్నట్టుండే ఈ గానం మైక్రోఫోను లేని యుగంలో పుట్టే అవకాశం లేదు.

3. టాకీల తొలినాళ్ళ గాయకనటులు

తలత్ పెరిగిన కాలంలో గాయకనటుడనే మాట వింతైనది కాదు. కె.ఎల్. సైగల్ తన పాటలు తానే పాడుకొని నటించారు. కలకత్తా చిత్రాలలో కానన్ దేవి, బొంబాయిలో సురయ్యా, నూర్జహాన్ కూడా అంతే. తెలుగులో చిత్తూరు వి. నాగయ్య ‘పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ చిత్రాలలో పాడుతూ నటించారు, నటిస్తూ పాడారు. భానుమతి చివరిదాకా తన పాట మరొకరికి ఇవ్వలేదు. సంగీత దర్శకుడిగా తెలుగువారందరికీ తెలిసిన సాలూరి రాజేశ్వరరావు 1936 నాటి ‘మాయాబజార్’లో అభిమన్యుడుగా, 1940లో ‘ఇల్లాలు’లో రావు బాలసరస్వతీదేవి సరసన కనిపించారు. తరువాత ఆయన నటనను వదిలి సంగీతంలో స్థిరపడిపోయారు. అక్కినేని నాగేశ్వరరావు సైతం తొలినాళ్ళలో తన పాటలు తానే పాడుకున్నారు.

వీరిలో చాలామంది పద్యనాటకం నుండో, వేదికపై పాడిన అనుభవం నుండో వచ్చినవారు. పాటతోపాటు మెడ, చేయి, కనుబొమ కదలడం వారికి అలవాటు. ఆ గానం శరీరంతో కలిసి పుట్టింది. తలత్ గానానికి అటువంటి పూర్వరంగం లేదు. 1945లో ‘రాజ్‌లక్ష్మి’లో కానన్ దేవి సరసన కనిపించినప్పటికి ఆయన రేడియో, రికార్డు గాయకుడు మాత్రమే. కలకత్తాలో చేసిన ఆ తొలి చిత్రాల వల్ల నటుడిగా పెద్ద పేరు రాలేదు, చెడ్డపేరూ రాలేదు.

ఇంతలో పాటనూ నటుణ్ణీ వేరుచేసే పద్ధతి స్థిరపడింది. 1935లో న్యూ థియేటర్స్ సంస్థ బెంగాలీలో ‘భాగ్యచక్ర’, హిందీలో ‘ధూప్ ఛావ్’ పేర్లతో తీసిన చిత్రంలో దర్శకుడు నితిన్ బోస్, సంగీత దర్శకుడు ఆర్.సి. బోరల్ నేపథ్యగానాన్ని ప్రవేశపెట్టారు. తెలుగులో ఈ పద్ధతి 1940వ దశకంలో కుదురుకుంది. 1947 జనవరిలో సైగల్ మరణించేనాటికి గాయకనటుల యుగం ముగింపుకు వచ్చింది. 1949లో తలత్ బొంబాయి చేరుకునేసరికి ఆయన కోసం సిద్ధంగా ఉన్న స్థానం తెరవెనుకది.

ఆ స్థానంలో ఆయన విజయం అసాధారణం. 1950లో షహీద్ లతీఫ్ దర్శకత్వం వహించిన ‘ఆర్జూ’లో దిలీప్ కుమార్‌కు పాడారు. అదే సంవత్సరం నౌషాద్ స్వరపరచిన ‘బాబుల్’, ఆ వెంటనే ‘తరానా’, ‘సంగ్‌దిల్’, ‘దాగ్’, ‘ఫుట్‌పాత్’, ‘షికస్త్’ – అన్నిటా తెరమీద దిలీప్ కుమారే. విషాదనాయకుడిగా దిలీప్ కుమార్ స్థిరపడిన మూడు నాలుగేళ్ళలో ఆయన దుఃఖానికి గొంతునిచ్చినవారు ప్రధానంగా తలత్. సగం మాట లోపలే ఆపుకొని మాట్లాడే నటుడికి, స్వరం చివర వణికే గాయకుడు చక్కగా అమిరారు. ప్రేక్షకుడి మనసులో ఆ ఇద్దరూ కలిసి ఒక మనిషి అయ్యారు.

4. 1953: ‘దిల్-ఎ-నాదాన్’

ఇటువంటి సమయంలో దర్శకనిర్మాత ఎ.ఆర్. కార్దార్ తలత్‌ను కథానాయకుడిగా పెట్టి ‘దిల్-ఎ-నాదాన్’ తీశారు. శ్యామా, పీస్ కన్వల్ నాయికలు. పాటలు షకీల్ బదాయూనీ రాయగా, నౌషాద్ వద్ద సహాయకుడిగా పనిచేసి స్వతంత్ర సంగీత దర్శకుడైన గులాం మహమ్మద్ స్వరాలు కూర్చారు. కార్దార్ ఎంపికకు ఒక నేపథ్యం ఉంది. 1946లో ఆయనే సైగల్‌తో ‘షాజహాన్’ తీశారు. సైగల్ తరువాత ఖాళీ అయిన స్థానంలో పాడగల నాయకుణ్ణి నిలబెట్టే అవకాశం ఆయనకు తలత్‌లో కనిపించి ఉండాలి. ఆ ఊహ అసమంజసమైనదేమీ కాదు. కాకపోతే అది ఏడేళ్ళు ఆలస్యమైంది.

పాటలు నిలిచాయి, నేటికీ గజల్ అభిమానులు వాటిని వింటారు. చిత్రం మాత్రం ఆ పాటల నీడలో ఉండిపోయింది. ఆ చిత్రంలో తలత్‌ను చూసేవారికి ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది: పాట లేని సన్నివేశాలలో ఆయన మర్యాదస్తుడైన అతిథిలా ఉంటారు. చేతులు ఏం చేయాలో తోచనట్టుంటాయి. చూపు స్థిరంగా ఉంటుంది గాని దానిలో ఆలోచన కదలదు. ఆశ్చర్యం కలిగించేదేమిటంటే పాట సన్నివేశాలలో కూడా ఆయన ముఖం ఆయన గొంతుకు వెనుకబడే ఉంటుంది. గొంతులో ప్రతి అక్షరానికీ ఒక ఛాయ మారుతుంటే, పెదవులు నిదానంగా, పొదుపుగా కదులుతాయి. తన పాటకు తానే పెదవి కదపడంలో ఆయన దిలీప్ కుమార్ అంత సహజంగా లేరు. దీన్ని ఎగతాళి చేయడం సులభం. కాని స్టూడియోలో మైకు ముందు కదలకుండా నిలబడి, శ్వాసను సైతం లెక్కపెట్టుకుంటూ పాడే క్రమశిక్షణ ఆయనకు పదేళ్ళకు పైగా అలవడింది. కదలకపోవడమే ఆ గానానికి పునాది. కెమెరా కోరేది దానికి విరుద్ధమైనది.

అదే 1953లో మరో గాయకుడు ముఖేష్, సురయ్యా సరసన ‘మాషూకా’లో నటించారు. ఆ ప్రయత్నమూ ఫలించలేదు. ఒకే సంవత్సరంలో ఇద్దరు ప్రముఖ నేపథ్యగాయకుల వైఫల్యాన్ని ఇద్దరు వ్యక్తుల అసమర్థతగా మాత్రమే చూడటం సరికాదు.

5. 1954: సురయ్యాతో రెండు చిత్రాలు

ఈ వాదానికి 1954వ సంవత్సరం గట్టి ఆధారం. ఆ యేడు తలత్ గొంతు సురయ్యాతో కలిసి రెండు చిత్రాలలో వినిపించింది. మొదటిది సోహ్రాబ్ మోదీ దర్శకత్వం వహించిన ‘మీర్జా గాలిబ్’. గాలిబ్ పాత్రలో భరత్ భూషణ్, ఆయనకు పాడినవారు తలత్, స్వరాలు గులాం మహమ్మద్‌వి. ఆ చిత్రం 1954 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. రెండవది నితిన్ బోస్ దర్శకత్వంలో వచ్చిన ‘వారిస్’. ఇందులో సురయ్యా సరసన నిలబడినది స్వయంగా తలత్. సంగీతం అనిల్ బిశ్వాస్. రవీంద్రనాథ ఠాగూరు వసంతగీతం బాణీ ఆధారంగా కూర్చిన రైలుపాట ఈ చిత్రంలోదే. ఆ పాట బతికింది, చిత్రం పేరు ఆ పాటను గుర్తుచేసేటందుకు మాత్రమే మిగిలింది.

రెండు చిత్రాలలోనూ గొంతు ఒకటే, నాయిక ఒకరే, సంవత్సరమూ ఒకటే. మారినది ముఖం. భరత్ భూషణ్ గొప్ప నటుడని వాదించేవారు అరుదు. విమర్శకులు ఆయన ముఖంలో కూడా భావచలనం తక్కువేనన్నారు. అయినా తలత్ పాడుతుంటే ఆయన గాలిబ్ అయ్యారు. తలత్ తానే పాడుకున్నప్పుడు ఆ సౌలభ్యం తలత్‌కు దొరకలేదు. నటనలో తేడా ఒక్కటే కారణమైతే ఈ రెండు చిత్రాల గతిలో ఇంత అంతరం ఉండనవసరం లేదు. కథ, పాత్ర, నిర్మాణ విలువలు వంటి అంశాలను కాదనలేము. గాలిబ్ జీవితానికున్న ఆకర్షణ వేరు. అయినా ప్రేక్షకుడి అలవాటు అనే అంశాన్ని ఇక్కడ పట్టించుకోక తప్పదు. ఆ గొంతును దిలీప్ కుమార్, దేవానంద్, రాజ్ కపూర్ వంటి వారి ముఖాలతో కలిపి వినడం అతనికి అప్పటికే నాలుగేళ్ళ అలవాటు. ‘వారిస్’ తెరమీద కనిపించిన తలత్, ఆ ప్రేక్షకుడి దృష్టిలో, ఇతరుల గొంతును తెచ్చుకొని పాడుతున్న కొత్త నటుడు. గొంతు అసలు యజమాని ఆయనేనన్న సత్యం పోస్టరు చదివితే తెలిసేదే గాని, చూస్తే అనిపించేది కాదు.

పాటను నటుడినుండి వేరుచేసిన నితిన్ బోసే, పంతొమ్మిదేళ్ళ తరువాత ఆ రెంటినీ ఒక్కచోట చేర్చబోయి ‘వారిస్’ తీశారు.

6. మూడు దేవదాసులు

శరత్ నవల ‘దేవదాసు’ చిత్రరూపాలు ఈ పరిణామాన్ని మరింత స్పష్టం చేస్తాయి. న్యూ థియేటర్స్ కోసం ప్రమథేశ్ బారువా తీసిన హిందీ చిత్రంలో దేవదాసు సైగల్. తాగినవాడూ ఆయనే, పాడినవాడూ ఆయనే. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్ 1955లో మళ్ళీ ‘దేవదాస్’ తీశారు. ఈసారి తాగినవాడు దిలీప్ కుమార్, పాడినవాడు తలత్ మహమూద్. సైగల్ ఒక్కడు మోసిన పాత్రను మోయడానికి ఇద్దరు అవసరమయ్యారు. ఆ అతుకు ఎవరికీ కనిపించలేదు.

ఈ రెంటి నడుమ, 1953లో, వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు ‘దేవదాసు’ వచ్చింది. అక్కినేని ముఖం, ఘంటసాల గొంతు. తెలుగు ప్రేక్షకుడికి ఆ దేవదాసును రెండుగా విడదీసి ఊహించుకోవడం నేటికీ కష్టమే. ఘంటసాల ‘సీతారామ జననం’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ వంటి చిత్రాలలో చిన్న వేషాలు వేశారు. గాయకుడిగా స్థిరపడిన తరువాత ఆయన తెరమీద కనిపించిన సందర్భాలలో జనానికి బాగా గుర్తున్నది ‘శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యం’ (1960). అందులో ఆయన స్వామి సన్నిధిలో గాయకుడిగానే కూర్చున్నారు. మరొక మనిషిగా నటించనక్కరలేకపోయింది. తలత్ కోరుకున్నది ఇంతకంటే చాలా ఎక్కువ.

కిశోర్ కుమార్ విజయాన్ని చూపి ఈ వాదాన్ని కాదనవచ్చు. కాని 1950లలో కిశోర్ ప్రధానంగా నటుడు, అందులోనూ హాస్యనటుడు. ఆయన గానం శరీరాన్ని వెంటేసుకొని గెంతుతుంది. ఆ నటుడికి సైతం ‘రాగిణి’, ‘షరారత్’ చిత్రాలలో మహమ్మద్ రఫీ పాడారు. గాయకుడికి మరో గాయకుడు గొంతు అరువివ్వడాన్ని ప్రేక్షకుడు తప్పుపట్టలేదంటే నేపథ్యగానం అప్పటికి ఎంత సహజమైపోయిందో తెలుస్తుంది.

7. ‘సోనే కీ చిడియా’ (1958)

డాక్ బాబు, రఫ్తార్, దివాలీ కీ రాత్, ఏక్ గావ్ కీ కహానీ, లాలా రుఖ్ – ఈ చిత్రాల జాబితా సంగీత ప్రియులకు పాటల జాబితాగానే పరిచయం. వాటిలో ఆగి చూడవలసింది తక్కువ. ‘సోనే కీ చిడియా’ సంగతి వేరు. దీని దర్శకుడు షహీద్ లతీఫ్, రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్. తలత్‌కు ‘ఆర్జూ’ ద్వారా బొంబాయిలో ప్రవేశం కల్పించిన దంపతులే వీరు. బంధువుల దోపిడికి గురైన ఒక సినిమా తార కథ ఇది. ఆ తార నూతన్. ఆమెను ఆకర్షించి, అవసరమైనప్పుడు తప్పుకునే స్వార్థపరుడు తలత్. ఆమెకు జీవితం మీద ఆశ కలిగించే కవి బల్‌రాజ్ సాహ్నీ.

తలత్ చేసిన పాత్రలలో ఆయనకు ఇదే ఎక్కువగా నప్పిందని చెప్పవచ్చు. ఆ నిశ్చలమైన అందం, మృదువైన మాట ఇక్కడ అనుమానాస్పదంగా మారతాయి. ప్రేమగీతం ఎంత తీయగా ఉంటే మోసం అంత లోతుగా తగులుతుంది. ఆయన నటనలోని లోపమే పాత్రకు బలమైన అరుదైన సందర్భమిది. పాటల పంపకం మరింత ఆసక్తికరం. తలత్ తన పాత్రకు తాను పాడారు, నయ్యర్ స్వరంలో ఆశా భోస్లేతో కలిసి. కాని నీతిమంతుడైన కవికి, రాత్రి గడిచి వెలుగు వస్తుందన్న ఆశను పాడే సాహ్నీకి, గొంతునిచ్చినవారు మహమ్మద్ రఫీ. దశాబ్దం మొదట్లో వంచితుడైన ప్రేమికుడికి చెందిన గొంతు, దశాబ్దం చివర్లో వంచకుడిది అయింది. అది ఆయన చివరి చిత్రాలలో ఒకటి. 1958 తరువాత ఆయన నటన మానుకున్నారు.

8. నటన వల్ల గానం దెబ్బతిన్నదా?

నటనావ్యామోహం వల్ల తలత్ గాయకుడిగా నష్టపోయారనే మాటలో కొంత నిజముంది. కథానాయకుడైన గాయకుణ్ణి తోటి కథానాయకులకు పాడించడానికి నిర్మాతలు సంకోచించడం సహజం. అయితే కాలక్రమం ఈ మాటను పూర్తిగా సమర్థించదు. నటుడిగా తీరికలేకుండా ఉన్న 1953 – 1955 మధ్యనే ‘పతితా’, ‘టాక్సీ డ్రైవర్’, ‘మీర్జా గాలిబ్’, ‘దేవదాస్’ పాటలు వచ్చాయి. నటన వదిలేసిన తరువాత 1959లో ‘సుజాత’లో సునీల్ దత్ టెలిఫోనులో పాడే పాట, 1961లో ‘ఛాయా’ పాటలు, 1964లో మదన్ మోహన్ స్వరపరచిన ‘జహాన్ ఆరా’ గజళ్ళు వెలువడ్డాయి. ఇవేవీ అలసిన గొంతు పాడినవి కావు. కాని వాటి మధ్య విరామాలు పెరుగుతూ పోయాయి.

ఆ విరామాలకు నటనకంటే బలమైన కారణం నాయకుడి స్వభావం మారడం. 1957లో ‘తుమ్‌సా నహీ దేఖా’తో షమ్మీ కపూర్ కొత్త అవతారమెత్తారు. దిలీప్ కుమార్ కూడా విషాదపాత్రల నుండి ‘ఆజాద్’, ‘నయా దౌర్’ వంటి చిత్రాల వైపు జరిగారు. గంతులు వేసే నాయకుడికి రఫీ గొంతులోని విస్తృతి కావాలి. తలత్ గొంతును తొడుక్కున్న ముఖాలు ఒక్కొక్కటిగా వేరే గొంతులు వెతుక్కున్నాయి. అప్పటికి తలత్ సొంత ముఖాన్ని ప్రేక్షకుడు వద్దని చెప్పేశాడు. ఈ రెండూ ఒకే కాలంలో జరగడం వల్ల ఒకటి మరొకదానికి కారణంగా కనిపించింది.

9. తెలుగు ‘మనోరమ’, హిందీ ‘ఆద్మీ’

నటన విరమించిన మరుసటి ఏడాది, 1959లో, తలత్ తెలుగులో పాడారు. బొంబాయి అనుభవంతో వచ్చిన రమేష్ నాయుడు ‘మనోరమ’ చిత్రానికి ఆయనను పిలిపించారు. తెలుగు రాని గాయకుడు తెలుగు నాయకుడికి పాడటం నేపథ్యగాన వ్యవస్థలో మాత్రమే సాధ్యం. కొన్ని అక్షరాలు ఉర్దూ వాసనతో పలికినా తెలుగు శ్రోతలు ఆ పాటలను ఆప్యాయంగా దాచుకున్నారు. వాటిని వింటూ తలత్ ముఖాన్ని ఊహించుకోవలసిన పని వారికి లేదు.

‘బాబుల్’ తరువాత చాలాకాలం తలత్‌ను పిలవని నౌషాద్ 1968లో ‘ఆద్మీ’ కోసం ఆయనతో, రఫీతో ఒక యుగళం పాడించారు. చిత్రంలో దిలీప్ కుమార్, మనోజ్ కుమార్ నాయకులు. దిలీప్ కుమార్ పాడే భాగం రఫీది, మనోజ్ కుమార్ పాడే భాగం తలత్‌ది. రికార్డు విడుదలైంది. సినిమా మాత్రం వేరుగా వచ్చింది. మనోజ్ కుమార్ కోరిక మేరకని చెప్తారు, తలత్ పాడిన భాగాన్ని మహేంద్ర కపూర్‌తో మళ్ళీ పాడించారు. నేటికీ ఆ పాట రెండు రూపాలలో దొరుకుతుంది: రికార్డులో తలత్, తెరమీద మహేంద్ర కపూర్. రెండింటిలోనూ దిలీప్ కుమార్‌కు రఫీ గొంతే.